చౌమహల్లాలో ఎక్కడ కూర్చుని గీయాలి?

ఇంజనీరింగ్ డ్రాయింగ్ పేపర్ గట్టెక్కగానే డ్రాఫ్టర్‌ని జూనియర్‌కి సగం రేటుకి అమ్మేసి, మళ్లీ పెన్సిల్ ముఖం చూడనివాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ సబ్జెక్టులో పర్స్పెక్టివ్ ప్రొజెక్షన్ అని ఒక పాఠం ఉంటుంది, గుర్తుందా? పిక్చర్ ప్లేన్, స్టేషన్ పాయింట్, వానిషింగ్ పాయింట్ అని నిర్వచనాలు బట్టీ పట్టి, ఒక ప్రిజమ్ గీసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోతాం. స్టేషన్ పాయింట్ అంటే చూసేవాడి కన్ను ఉన్న చోటు. పరీక్షలో ఆ చోటు క్వశ్చన్ పేపరే చెబుతుంది. బయట గీసేటప్పుడు మాత్రం మనమే ఎంచుకోవాలి. ఆ ఎంపికతో బొమ్మ మాత్రమే కాదు, మనకి కనిపించే చరిత్ర కూడా మారిపోతుందని చౌమహల్లా ప్యాలెస్ తోటలో గీస్తున్నప్పుడు నాకు అర్థమైంది.

మన క్లబ్ తరఫున పదకొండు మందిమి ఒక ఆదివారం అక్కడికి స్కెచింగ్‌కి వెళ్లాం. ఈసారి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఆ రోజు నేర్చుకున్నది పాఠంలా రాస్తున్నాను.

ముందు తోట సంగతి

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ గాజుల కొట్లు దాటి కాసేపు నడిస్తే చౌమహల్లా వస్తుంది. పేరులోనే నాలుగు మహళ్లున్నాయి: అఫ్జల్ మహల్, అఫ్తాబ్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో పని మొదలై, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, అంటే 1857–1869 మధ్య పూర్తయింది. అప్పట్లో 45 ఎకరాలంటారు. ఇప్పుడు మిగిలింది అందులో మూడో వంతు కూడా లేదు.

ఇది ప్రభుత్వ పార్కు కాదు, నిజాం కుటుంబీకుల సొంత ఆస్తి. చాలాకాలం పాడుబడి ఉన్నదాన్ని బాగుచేయించి 2005లో జనానికి తెరిచారు. 2010లో ఆ మరమ్మతు పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

గీసేవాళ్లకి ఇక్కడ రెండు ఆవరణలు ముఖ్యం. దక్షిణం వైపుది పాతది, నాలుగు మహళ్లూ అక్కడే. ఉత్తరం వైపు ఆవరణలో పొడవాటి కొలను, ఫౌంటెన్లు, ఆ కొలను చివర ఖిల్వత్ ముబారక్ ఉంటాయి. ఖిల్వత్ అంటే దర్బారు భవనం. లోపల పాలరాతి వేదిక, దాని మీద నిజాం గద్దె వేసే చోటు, పైన 19 బెల్జియం షాండ్లియర్లు.

నడిమి గీత ఎవరిది?

కొలను ఈ చివర నిలబడి చూస్తే ఖిల్వత్ సరిగ్గా ఎదురుగా ఉంటుంది. కొలను నడిమి గీత, భవనం నడిమి గీత ఒకటే. ఎడమ ఎంతో కుడి అంతే. గట్లు, దారులు, గడ్డి అంచులు అన్నీ దూరం పోయేకొద్దీ ఒకే బిందువు వైపు దగ్గరపడతాయి. పుస్తకంలో చదివిన వన్ పాయింట్ పర్స్పెక్టివ్ కళ్లముందు కట్టి పెట్టినట్టే ఉంటుంది.

మరి ఈ ఏర్పాటు ఎవరి కోసం? నా ఉద్దేశంలో దర్బారులో కూర్చునే ఆ ఒక్కడి కోసం. అతను తోటని చూస్తే అంతా సమంగా, తన అదుపులో ఉన్నట్టు కనబడాలి. తోటలో నడిచి వచ్చేవాడికేమో అతనే అన్ని గీతలూ కలిసే చోట ఉన్నట్టు కనబడాలి. పక్కన నిలబడే నౌకరుకి, తోటమాలికి ఆ సమానత్వం ఎప్పుడూ కనిపించి ఉండదు.

మా పదకొండు మందిలో ఆరుగురు ఆ నడిమి గీత మీదే, ఒకళ్ల వెనక ఒకళ్లు కూర్చున్నారు. మిగతా ఐదుగురం తలో మూలకి పోయాం. నాకు పక్క వరండాలో ఒక స్తంభం పాదం దొరికింది. అక్కడి నుంచి భవనం మూల కనిపిస్తుంది కాబట్టి గీతలు ఎడమకి కొన్ని, కుడికి కొన్ని పోతాయి. ఇది టూ పాయింట్ పర్స్పెక్టివ్.

రెండు గంటల తర్వాత పుస్తకాలన్నీ వరండాలో వరసగా పరిచాం. నడిమి గీత మీద గీసిన ఆరూ ఒకే షీటుకి ఆరు జిరాక్సుల్లా ఉన్నాయి. అందంగానే ఉన్నాయి, కాదనను. ఆ ఆరింటిలోనూ కొలనుకి అటూ ఇటూ చెట్లు సమానంగా గుబురుగా ఉన్నాయి. పక్క నుంచి గీసిన ఒక మెకానికల్ జూనియర్ బొమ్మలో మాత్రం ఎడమవైపు చెట్టుకి ఒక కొమ్మ లేదు. "నీ చెట్టు సగమే ఉందేంట్రా" అని ఎవరో నవ్వారు. పైపు లాక్కుంటూ పోతున్న తోటమాలి ఆగి, ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "గా కొమ్మ పోయిన వానలకు ఇరిగింది బిడ్డా. మంచిగ పట్టినవ్" అన్నాడు. అందరం తల తిప్పి చూశాం. నిజమే, కొమ్మ లేదు.

ఆరుగురికి ఎందుకు కనపడలేదు? కళ్లు లేక కాదు. నడిమి గీత మీద కూర్చోగానే 'ఇక్కడంతా సమానం' అని తోటే చెప్పేస్తుంది. ఆ తర్వాత చెయ్యి ఎడమవైపు గీసిందాన్నే కుడివైపుకి మిర్రర్ కమాండ్ కొడుతుంది. అంటే వాళ్లు గీసింది ఎదురుగా ఉన్న తోట కాదు, తోటని కట్టించినవాడి ప్లాను.

దీనికి మా సివిల్ సీనియర్ అక్క ఒప్పుకోలేదు. "ప్లాను గీయడం తప్పెలా అవుతుంది? ఆ యాక్సిస్ అర్థం కాకపోతే తోటే అర్థం కానట్టు. నీ స్తంభం దగ్గర నుంచి చూస్తే అది ఏ బంగళా అయినా కావచ్చు" అంది. అందులోనూ నిజముంది. నడిమి గీత నుంచి పది నిమిషాల్లో ఒక చిన్న బొమ్మ, ఆ తర్వాత పక్కకి జరిగి తీరిగ్గా పెద్ద బొమ్మ గీయాలని చివరికి తేల్చుకున్నాం.

మూడో దారి కూడా ఉంది

ఒకే చోటి నుంచి చూసినట్టు గీయడం లెక్కప్రకారం ఇటలీలో 15వ శతాబ్దంలో స్థిరపడింది. బ్రూనెలెస్కీ ప్రయోగాలు చేస్తే, ఆల్బర్టీ 1435లో ఆ పద్ధతిని గ్రంథంగా రాశాడు. మొగలు చిత్రకారులు తోటల్ని ఇంకోలా గీశారు. బాబర్ తన బాగ్-ఎ-వఫా తోటని దగ్గరుండి వేయిస్తున్న చిత్రం ఒకటుంది. బాబర్‌నామా కోసం 1590 ప్రాంతంలో వేసింది, ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో తోటని నాలుగు చతురస్రాలుగా విడగొట్టే కాలువలు పై నుంచి చూసినట్టుంటాయి, మనుషులూ చెట్లూ పక్క నుంచి చూసినట్టుంటాయి. పనివాళ్లు తాడు పట్టి కొలుస్తుంటారు, ఒకడి చేతిలో గళ్లు గీసిన పలక ఉంటుంది. టాప్ వ్యూ, ఫ్రంట్ వ్యూ ఒకే షీటులో! మన ఆర్థోగ్రాఫిక్ ప్రొజెక్షన్‌కి బంధువే అనిపిస్తుంది. ఈ పద్ధతిలో కన్ను ఒక్క చోట కట్టేసి ఉండదు కాబట్టి తవ్వేవాడు కూడా చించిపోకుండా నిండుగా కనిపిస్తాడు. మీ పుస్తకంలో ఒక పేజీ ఇలా కూడా ప్రయత్నించండి.

చేతికి పనికొచ్చే అయిదు సూత్రాలు

ఒకటి, కంటి ఎత్తు. ముందుగా హొరైజన్ గీత పెట్టుకోండి. నిలబడి గీస్తే, సమంగా ఉన్న నేల మీద మీ ఎత్తు మనుషుల కళ్లన్నీ ఆ గీత మీదే పడతాయి, దగ్గరున్నా దూరమున్నా సరే. నేల మీద కూర్చుంటే గీత వాళ్ల నడుం దగ్గరికి దిగుతుంది. జనాన్ని గీయడానికి ఈ ఒక్కటి తెలిస్తే సగం పని అయినట్టే.

రెండు, స్తంభాల వరస. సమానదూరంలో ఉన్న స్తంభాలు దూరం పోయేకొద్దీ దగ్గరపడతాయి. ఎంత దగ్గరో ఊహించక్కర్లేదు. మొదటి రెండు స్తంభాలు గీసి, రెండోదాని సగం ఎత్తులో చుక్క పెట్టండి. మొదటిదాని పైకొన నుంచి ఆ చుక్క గుండా గీత లాగితే, అది నేలగీతని తాకిన చోట మూడో స్తంభం వస్తుంది.

మూడు, నీటిలో బొమ్మ. పైన గీసినదాన్ని తలకిందులు చేసి అతికిస్తే తప్పు. మీ కన్ను నీటికి ఎంత ఎత్తులో ఉందో అంత లోతు నుంచి పైకి చూస్తే భవనం ఎలా ఉంటుందో, నీటిలో అలా ఉంటుంది. అందుకే గట్టుకి వెనక్కి ఉన్న మెట్లు నీటిలో మాయమవుతాయి. పైకప్పు చూరు అడుగుభాగం మాత్రం బాగా తెలుస్తుంది. వానిషింగ్ పాయింట్లు రెండింటికీ అవే.

నాలుగు, గుండ్రాలు. పూలకుండీ అంచు కంటికి కింద ఉంటుంది కాబట్టి దాని లోపలి భాగం కనబడుతుంది. షాండ్లియర్ చక్రం కంటికి పైన ఉంటుంది కాబట్టి అడుగు కనబడుతుంది. రెండూ దీర్ఘవృత్తాలే. కంటి ఎత్తుకి దగ్గరయ్యేకొద్దీ సన్నబడతాయి.

అయిదు, ఎండ-నీడ. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మీరు కిటికీలు లెక్కపెట్టేలోగా నీడలు జరిగిపోతాయి. మొదటి పది నిమిషాల్లోనే నీడల హద్దులు పల్చగా గీసిపెట్టుకోండి, తర్వాత మార్చొద్దు. చెట్టుకి ఆకులు గీయకండి. కళ్లు సగం మూసి చూస్తే చీకటి ముద్దలు కనిపిస్తాయి, వాటిని గీయండి.

వెళ్లేముందు

శుక్రవారం ప్యాలెస్‌కి సెలవు. చేతిలో ఇమిడే పుస్తకం, 2బి, 6బి పెన్సిళ్లు, కాగితం ఎగరకుండా రెండు క్లిప్పులు, టోపీ, నీళ్లు చాలు. గడ్డి మీద గానీ అరుగుల మీద గానీ కూర్చునే ముందు అక్కడి సిబ్బందిని అడగండి. దారికి అడ్డంగా గుంపుగా కూర్చోవద్దు. ఒకళ్లకొకళ్లు కనీసం ఇరవై అడుగుల దూరంలో ఉంటే పదకొండు బొమ్మలూ పదకొండు రకాలుగా వస్తాయి.

అంత దూరం కుదరనివాళ్లు మన క్యాంపస్‌లోనే మొదలుపెట్టవచ్చు. మెయిన్ గేటు దగ్గర నిలబడి అడ్మిన్ బ్లాక్‌ని ఒకసారి గీయండి, ప్రాస్పెక్టస్ ఫోటో అక్కడి నుంచే తీస్తారు. తర్వాత క్యాంటీన్ వెనక నుంచి అదే బ్లాక్‌ని గీయండి, వంట మనిషికి రోజూ కనిపించేది అదే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివేంటో జాబితా రాయండి. వచ్చే స్కెచింగ్‌కి ఆ జాబితా పట్టుకురండి, అందరం కలిసి చూద్దాం.