బోర్డు మీది ఆ చివరి రెండక్షరాలు

కడుపులో మంట అని వెళ్లినా, కళ్లు పచ్చబడ్డాయని వెళ్లినా గ్యాస్ట్రో డాక్టరు గది ముందు బోర్డు ఒకటే: ఎం.బి.బి.ఎస్., ఎం.డి., డి.ఎం. ఆ చివరి రెండక్షరాలు చేరేసరికి మనిషికి ముప్పై ఏళ్లు దగ్గరపడతాయి. బైపీసీ పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఈ లెక్క ముందే తెలుసుకోవాలి.

ఇంటర్ తర్వాత నీట్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎం.బి.బి.ఎస్. 5½ ఏళ్లు. నీట్ పీజీ రాసి జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. 3 ఏళ్లు. మళ్లీ నీట్ ఎస్ఎస్ రాసి మెడికల్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డి.ఎం. ఇంకో 3 ఏళ్లు. ఎయిమ్స్, జిప్‌మర్ వంటి చోట్లకు ఐఎన్ఐ ఎస్ఎస్ అని వేరే పరీక్ష ఉంది. ఆపరేషన్లు చేయాలనుకునేవాళ్లు ఎం.ఎస్. జనరల్ సర్జరీ, ఆపైన ఎంసీహెచ్ చదవాలి. దారులు చీలేది పీజీ సీటు ఎంచుకునే రోజే. ఆ రోజు ర్యాంకును మాత్రమే కాదు, మీ మనసునూ అడగండి.

డి.ఎం.లో అసలు తయారయ్యేది చెయ్యి. ఈఆర్‌సీపీనే తీసుకోండి. గొట్టాన్ని నోటి గుండా చిన్నపేగు మొదలుదాకా పంపి, పైత్యనాళం సన్నటి మూతిని వెతికి పట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ లోపలి రాయిని బయటికి లాగాలి. ఒంటి మీద బరువైన సీసపు ఏప్రాన్. తొందరపడితే క్లోమం వాచిపోయే ప్రమాదం. ఇది పుస్తకంతో వచ్చే విద్య కాదు, గురువు పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

చెవి కూడా అంతే ముఖ్యమని నా నమ్మకం. మలం రంగు గురించి చెప్పడానికి సిగ్గుపడే రోగి చేత మాట్లాడించాలి. స్కోపీలో ఏమీ కనబడని పేగు జబ్బులెన్నో ఉన్నాయి. అక్కడ రోగి మాటే ఆధారం.

ఈ దారిలోనే నడిచిన గ్యాస్ట్రో వైద్యులు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారి చదువు చూడండి. కర్నూలు మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్., మద్రాసులో ఎం.డి., చండీగఢ్ పీజీఐలో డి.ఎం. తర్వాత హైదరాబాద్‌లో ఏఐజీ ఆసుపత్రిని స్థాపించారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. మొదటి మెట్టు మన సీమలోని సర్కారు కాలేజీయే.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. మెడిసిన్ వార్డులో నైట్ డ్యూటీ పడినప్పుడు, లివర్ చెడి రక్తపు వాంతులతో వచ్చిన రోగి వెంట ఎండోస్కోపీ గదిదాకా వెళ్లండి. ఉబ్బిన రక్తనాళానికి రబ్బరు బ్యాండు పడి రక్తం ఆగే క్షణాన్ని కళ్లారా చూసి, ఫారం మీద బ్రాంచి పేరు అప్పుడు రాయండి.