మెదడులోని లష్కరు

బోనకల్ బ్రాంచి కాలువ క్రింద సేద్యము చేయువారికి లష్కరు పని యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. కాలువ నిండుగ పారుచున్నను, ఏ తూము ఎంత ఎత్తవలెనో, దేనిని ఎప్పుడు దింపవలెనో చూచువాడు లేనిచో ఎగువ పొలము మునుగును, దిగువ పొలము ఎండును. ఆతడు నీటిని పుట్టింపడు, పొలము దున్నడు. ఆతని చేతనున్నది అడ్డగించు అధికార మొక్కటే. మన తలలో ఇట్టి ఉద్యోగమునే చేయు పలుచని నాడీకణముల పొర యొకటి కలదు. దానిని వైద్యులు థాలమిక్ రెటిక్యులర్ న్యూక్లియస్ అందురు. లాటిను భాషలో రెటిక్యులమ్ అనగా చిన్న వల. కావున తెలుగున జాలకకేంద్రకము అని పిలుచుకొందము.

మెదడు నడుమ కుడియెడమల థాలమస్ అను రెండు ముద్దలున్నవి. కన్ను చూచినది, చెవి విన్నది, చర్మమునకు తగిలినది పైనున్న మెదడు పొరకు, అనగా వల్కలమునకు, చేరుటకు ముందు ఇచట మజిలీ చేయవలసినదే. వాసన మాత్రము ఈ మజిలీ లేకయే వల్కలమును చేరగలదు. ముక్కునకు దక్కిన ఈ మినహాయింపు చిత్రమైనది. జాలకకేంద్రకము థాలమస్‌ను పెంకువలె కప్పియుండును. థాలమస్ నుండి వల్కలమునకు పోవు తంతువులును, వల్కలము నుండి థాలమస్‌కు వచ్చు తంతువులును దీని గుండ పోవుచు ఇందొక కొమ్మను విడిచిపోవును. ఇట్లు పోవు మాట, వచ్చు మాట రెండును దీని చెవిని బడును. కాని తాను వల్కలమునకు ఒక్క మాటయు పంపదు. దీని తంతువులు మరల థాలమస్‌లోనికే పోయి, గాబా యను రసాయనమును విడిచి అచటి కణములను అణచును.

1896లో కోలికర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని జర్మను భాషలో వర్ణించెను. తరువాత బహుకాలము దీనిని పట్టించుకొనినవారు తక్కువ. 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ దీనిపై ఒక వ్యాసము వ్రాసెను. 1953లో డి.ఎన్.ఎ. నిర్మాణమును కనుగొనిన ఇద్దరిలో ఒకడు ఈతడే. చీకటిలో బ్యాటరీ లైటు వేసినచోటే కనబడునట్లు, మన ధ్యాసను ఒకచోటికి త్రిప్పునది ఈ కేంద్రకమే కావచ్చునని ఈతని ఊహ. వివరములన్నియు ఆతడు చెప్పినట్లే నిలువలేదు గాని, మూలభావమునకు బలము చేకూరినది. 2015లో ప్రకటితమైన పరీక్షలలో ఎలుక వెలుతురును గమనింపవలసినపుడు దృష్టి సంబంధమైన జాలకకణముల అణచివేత తగ్గెను. శబ్దమును గమనింపవలసినపుడు హెచ్చెను. తూము ఎత్తుటయు దింపుటయు అనగా ఇదియే.

రాత్రివేళ ఈ లష్కరుకు వేరొక పని కలదు. మనము నిద్రకు జారిన కొంతసేపటికి మెదడు విద్యుత్తును గీతలుగా చూపు ఇ.ఇ.జి. యంత్రముపై, సెకనుకు పదకొండు మొదలు పదునైదు వరకు అలలు పుట్టి, లావై, సన్నగిల్లి అణగును. నూలు చుట్టిన కదురువలె నుండుటచే వీనికి నిద్రకదుళ్లని పేరు. ఇవి జాలకకేంద్రకముననే జనించునని మిర్చా స్టెరియాడే 1980ల దశకమున పిల్లులపై చేసిన పరిశోధనలలో చూపెను. ఆ సమయమున బయటి చప్పుళ్లు వల్కలమును సులభముగ చేరవు. రైలుకట్ట ప్రక్కనున్న ఇండ్లలో గూడ్సుబండి పోవుచున్నను పసివాడు కదలక నిద్రించుటలో దీని పాత్ర కొంత కలదు.

ఇక పంచాయతీ సభ్యులు ముఖ్యముగ గమనింపవలసిన విషయము. మెలకువగానున్న పిల్లలలో కొందరికి థాలమస్, వల్కలముల నడుమ సెకనుకు మూడేసి చొప్పున అలలు ఒక్కుమ్మడిగ లేచును. ఇది మొదట వల్కలముననే పుట్టునా, థాలమస్‌నందా యను చర్చ ఇంకను ముగియలేదు. జాలకకేంద్రకము మాత్రము ఇందు పాల్గొనును. అపుడు బిడ్డ పాఠము చదువుచు మాట నడుమ ఆగిపోవును. చూపు నిలిచిపోవును, రెప్పలు కొట్టుకొనును. పది, పదునైదు సెకనులకు తేరుకొని యేమియు జరుగనట్లు చదువును. క్రిందపడుట, నురుగు గ్రక్కుట ఉండదు. దినమునకు అనేక పర్యాయములు రావచ్చును. తనకేమి జరిగినదో బిడ్డ యెరుగదు. సాధారణముగ నాలుగేండ్ల నుండి పదేండ్ల వయసులో మొదలగు ఈ వ్యాధి మూర్ఛలలో ఒక రకము.

బడిలో పరధ్యానమని బెత్తము దెబ్బలును, ఇంట గాలి సోకినదని భూతవైద్యమును ఇట్టి పిల్లలకు ప్రాప్తించుచుండును. రెండును వృథా. ఆసుపత్రిలో వైద్యుడు బిడ్డచే మూడు నిమిషములు బలముగ ఊపిరి తీసి వదలించును. ఆ వ్యాధి యున్నచో తరచు ఆయన కన్నుల యెదుటనే అది వచ్చును. తరువాత ఇ.ఇ.జి. పరీక్ష నిర్ధారించును. ఎథోసక్సిమైడ్ అను మందు థాలమస్ కణములలోని ఒక విధమగు కాల్షియం ద్వారములను అణచి ఈ అలలను ఆపును. మూర్ఛ మందులన్నియు ఒకటి కావు: కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ ఈ రకమును హెచ్చించవచ్చును. వాల్‌ప్రోయేట్ పనిచేయును గాని, ఆడపిల్ల పెద్దదై గర్భము ధరించునప్పుడు శిశువునకు హాని చేయగలదు. కావున పొరుగింటివారి చీటీపై మందు తెచ్చుట తగదు. చాలమంది పిల్లలకు యౌవనము వచ్చుసరికి ఈ వ్యాధి పోవును.

సంబంధములు కుదుర్చునపుడు దీనిని దాచుటయు, బయటపడిన పిదప తగవు పంచాయతీకి వచ్చుటయు కలదు. హిందూ వివాహ చట్టమున 1976 సవరణచే చేరిన మూర్ఛ అభ్యంతరమును 1999లో పార్లమెంటు తొలగించినది. నేడు మూర్ఛ యున్నదన్న కారణముచే ఆ చట్టము క్రింద వివాహమునకు అడ్డు లేదు.

మందుతో అదుపునకు వచ్చువరకు ఇట్టి బిడ్డను ఒంటరిగ కాలువలో ఈతకు పంపరాదు, చెట్టెక్కనీయరాదు, రహదారిపై సైకిలు తొక్కనీయరాదు. బడి మానిపింప నక్కరలేదు. ఉపాధ్యాయునకు ముందుగ తెలిపి, ఆగిపోయిన పాఠమును మరల ఒకసారి చెప్పుమని కోరిన చాలును.