ఐరోపాలో కూడా నేనే వండాలా?

సమస్య

మాది లాల్‌దర్వాజా. మా ఆయనకు పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం. నాకు యాభై రెండేళ్లు. ఉద్యోగం చేస్తున్న మా బిడ్డ, జీతంలో దాచుకున్న డబ్బుతో మమ్మల్ని ఐరోపా తీసుకుపోతానంటోంది. రోమ్, ఫ్లోరెన్స్, చివర్న జ్యూరిక్. బోనాలు అయిపోయాక ఆగస్టులో పోదామని అనుకుంటున్నాం. తిరుపతి, షిర్డీ దాటి నేను ఎక్కడికీ పోలేదు.

గొడవంతా తిండి దగ్గరే. మా ఆయన అన్నం లేనిదే ఉండలేనంటున్నారు. కుక్కర్, బియ్యం, నెయ్యి, మామిడికాయ తొక్కు, మటన్ పచ్చడి కట్టుకుని, వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుందామంటారు. లేదంటే ఇండియన్ భోజనం పెట్టే ప్యాకేజీలోనే పోదామంటారు. అత్తమ్మకు డెబ్బై నాలుగు. మామయ్య పోయినప్పటి నుంచి నీచు మానేశారు. నీచు వండిన గిన్నెలో చేసింది ముట్టరు. షుగర్ మాత్రలు కూడా వేసుకుంటారు. బిడ్డేమో అక్కడికి పోయి తొక్కు, అన్నం తినేదేంటని అలుగుతోంది.

నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. నాకు అక్కడి తిండి రుచి చూడాలని ఉంది. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం డబ్బాలు, రాత్రి మళ్లీ పొయ్యి అయితే నేను అంత దూరం పోవడం దేనికి? ఈ మాటంటే స్వార్థం అనుకుంటారేమోనని భయం.

– ఒక సోదరి, పాతబస్తీ

సలహా

అమ్మా, ఇది స్వార్థం కాదు. ఇన్నేళ్లు ఇంటిల్లిపాది నోటికి ఏది హితవో కనిపెట్టి వండిపెట్టారు. ఇప్పుడు ఇంకొకరు వడ్డిస్తే కూర్చుని వేడివేడిగా తినాలని మీకుండడం న్యాయం. బిడ్డ చేత చెప్పించకుండా, అందరూ ఉన్నప్పుడు మీరే చెప్పండి.

కుక్కర్ వెళ్లనివ్వండి. అత్తమ్మగారి నియమాన్ని కాదనలేం. అద్దె ఇంటి గిన్నెల్లో అంతకుముందు ఎవరేం వండారో మనకు తెలియదు. చిన్న కరెంటు కుక్కర్, ఒక గిన్నె, ఒక గరిటె మీ ఇంటివే పెట్టుకోండి. అయితే బియ్యం కడిగి పెట్టాల్సింది అన్నం లేనిదే ఉండలేనన్న మనిషే. అదీ రాత్రి పూట మాత్రమే. అన్నంలోకి కారప్పొడి, తొక్కు, అక్కడ కొన్న పెరుగు చాలు. ఈ పని మీ వారికి ఇప్పటి నుంచే అప్పగించండి, వెళ్లేలోగా చేయి తిరుగుతుంది. బియ్యం మోయక్కర్లేదు, అక్కడి సూపర్‌మార్కెట్లలో బాస్మతి ఉంటుంది. రోమ్‌లో తెర్మినీ స్టేషన్ దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్లో మన దినుసులు అమ్మే దుకాణాలున్నాయి.

మధ్యాహ్న భోజనం మాత్రం మీ ఇష్టప్రకారం జరగాలి. ఇటలీలో చాలా హోటళ్లు పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా వడ్డించి పొయ్యి ఆర్పేస్తాయి, మళ్లీ రాత్రి ఏడున్నరకు గానీ తెరవవు. చూడాల్సినవి పొద్దున్నే ముగించుకుని ఒంటిగంటకల్లా బల్ల ముందు కూర్చోండి. కారానికి అలవాటైన నాలుకకు పెన్నే అర్రబ్బియాతా బాగుంటుంది: టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. పిజ్జా మరినారాలో చీజ్ అసలుండదు. ఫ్లోరెన్స్‌లో రిబొల్లీతా అడగండి. పాతబడిన రొట్టె, తెల్ల బీన్స్, నల్ల ఆకుకూర కలిపి చిక్కగా ఉడికిస్తారు. పీసా వాలు గోపురం చూడ్డానికి వెళ్తే చెచీనా వదలొద్దు. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె జారుగా కలిపి పెద్ద పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, పైన మిరియాల పొడి చల్లి ఇస్తారు. సర్వపిండి అంచులు ఇష్టంగా తినేవాళ్లకు దాని కరకర వెంటనే నచ్చుతుంది. అది తిన్నప్పుడు మీ ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటుంటే నాకే సంతోషంగా ఉంది.

బయట తింటే అత్తమ్మగారి విషయంలో జాగ్రత్త అవసరం. పార్మిజానో, పెకొరీనో చీజ్‌లను దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. కూరగాయల సూపులోనూ మాంసం నీళ్లు పోయవచ్చు. పాలు, గుడ్లు, చేపల వంటి 14 పదార్థాలు వంటకంలో ఉంటే చెప్పాలని ఐరోపా చట్టం, కానీ ఆ జాబితాలో మాంసం లేదు. అందుకే 'సెన్జా కార్నె, సెన్జా పెషె, సెన్జా బ్రోదో' అని కాగితం మీద ఇటాలియన్‌లో రాయించుకోండి. మాంసం, చేప, మాంసం ఉడికించిన నీళ్లు వద్దని దానర్థం. జ్యూరిక్‌లో ఆవిడకు ఊరట: హిల్ట్‌ల్ అనే శాకాహార హోటల్ 1898 నుంచి ఉంది. ఆ ఇంటి కోడలు 1951లో ఢిల్లీలో జరిగిన శాకాహార మహాసభకు వచ్చి, మన వంటలను అక్కడికి తీసుకెళ్లింది. పళ్లెం బరువును బట్టి డబ్బు తీసుకుంటారు, కొంచెం తినేవాళ్లకు అదీ మేలే.

అత్తమ్మగారి మాత్రల వేళల గురించి ముందుగా డాక్టర్‌తో మాట్లాడండి. మధ్యాహ్నం రెండున్నర దాటాక హోటళ్లు మూసి ఉన్నప్పుడు షుగర్ పడిపోతే కష్టం. వేయించిన అటుకులు, శనగలు, గ్లూకోజ్ బిళ్లలు చేతి సంచిలో ఉండాలి, చీటీతో సహా మందులు కూడా. బయల్దేరే ముందు ఒక పూట ఆవిణ్ని మన సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకెళ్లండి. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెచ్చిన ముసుగు రెబెక్కా విగ్రహం చూసినట్టూ ఉంటుంది, ఎంతసేపు నడవగలరో, నిలబడగలరో మీకు తెలుస్తుంది కూడా. వాటికన్ మ్యూజియంలో అంతకంటే చాలా ఎక్కువ నడవాలి.

నెయ్యి, మటన్ పచ్చడి, కోవా మిఠాయిలు మాత్రం పెట్టెలో పెట్టొద్దు. బయటి దేశాల ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని ఐరోపా నిషేధించింది, దొరికితే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. మామిడికాయ తొక్కును బాగా మూత బిగించి పెద్ద పెట్టెలోనే పెట్టండి.

ప్యాకేజీకి నేను ఒప్పుకోను. రోజుకో ఊరు మారుతూ, బస్సు దిగి ఎవరో నిర్ణయించిన పప్పూ అన్నం తిని మళ్లీ ఎక్కడానికైతే ఇంత ఖర్చు అక్కర్లేదు. మూడు ఊళ్లు చాలు. ఆగస్టు మాత్రం మార్చండి. 15న ఇటలీలో పెద్ద పండగ. ఆ రోజుల్లో చిన్న హోటళ్లు నడిపే కుటుంబాలవాళ్లు చాలామంది వాటిని మూసేసి సముద్ర తీరాలకు పోతారు, ఎండలూ ఎక్కువ. సెప్టెంబరులో, వినాయక చవితి, బతుకమ్మల తేదీలు చూసుకుని వెళ్లండి.

ఎక్కువ రోజులు ఇటలీలోనే ఉంటారు కాబట్టి షెంగెన్ వీసా ఇటలీకే పెట్టాలి, దానితోనే జ్యూరిక్ కూడా చూడొచ్చు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, ఆలస్యమైతే అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమవుతుంది. పెద్దలకు ఫీజు 90 యూరోలు, సర్వీసు ఖర్చు అదనం. ప్రతి ఒక్కరికీ కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అత్తమ్మగారి షుగర్ సంగతి బీమా కాగితాల్లో దాచకుండా రాయండి. పాస్‌పోర్టుల గడువు, మీరు అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత కనీసం 3 నెలలు మిగిలి ఉండాలి. అందరివీ ఈ వారమే తీసి చూడండి.