మంచు కొండల్లో పోస్టింగా? వెనక్కి తిరిగే షరతులు ముందే రాసుకోండి

సొరంగాలు, రోడ్లు, జలవిద్యుత్ ప్రాజెక్టుల పనుల మీద మన సైట్ ఇంజినీర్లు, సర్వేయర్లు చలికాలంలోనూ కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో ఉంటున్నారు. జోజిలా సొరంగం తవ్వుతున్నదే హైదరాబాద్ కంపెనీ. అలవెన్సు వస్తుంది, రెజ్యూమెలో విలువ పెరుగుతుంది. కాబట్టి వెళ్లొద్దని చెప్పను. వెళ్లేవాళ్లు మంచు చరియల గురించి తెలుసుకుని వెళ్లాలి.

మొదట చూడాల్సింది వాలు. చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. అడుగున బలహీనమైన పొర ఉండి, పైన గాలి తెచ్చి పోసిన గట్టి పలక ఉంటే, అది గోలీల మీద పెట్టిన నాపరాయి. దాన్ని జార్చడానికి ఒక మనిషి బరువు చాలు. మంచు కొండల్లోకి విహారానికి వెళ్లినవాళ్లు చరియల్లో చనిపోయిన ప్రమాదాల్లో దాదాపు 90 శాతం సార్లు చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల బృందంలోని మరొకరో.

మీరు నిలబడింది చదునైన చోటే కావచ్చు. పైన నిటారు వాలుంటే చరియ వచ్చి ఆగేది మీ దగ్గరే. 2025 ఫిబ్రవరి 28 ఉదయం ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ కార్మికుల క్యాంపు మీద మంచు చరియ పడింది. 54 మంది చిక్కుకుంటే 46 మందిని కాపాడారు, ఎనిమిది మంది చనిపోయారు. ముందురోజు సాయంత్రమే చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ, మాణా ఉన్న చమోలీతో సహా పలు జిల్లాల్లో 2,400 మీటర్లకు పైనున్న ప్రాంతాలకు హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి హెచ్చరికల బులెటిన్ జిల్లా స్థాయిలో వస్తుంది. అది మీ క్యాంపుకు, మీ దారికి ఎలా వర్తిస్తుందో చూసుకోవాల్సింది మీరే. ఆ పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించకపోతే ఎవరూ చెయ్యరు.

అంతర్జాతీయంగా వాడే ప్రమాద స్థాయిలు ఐదు. నాలుగు, ఐదు ఉన్నప్పుడు అందరూ ఆగిపోతారు. చిక్కంతా మూడుతోనే. ఆకాశం తేటగా ఉంటుంది, పని పెండింగ్‌లో ఉంటుంది, వెళ్లొచ్చులే అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రాత్రి అడుగు మంచు పడింది, గాలి వీచింది. తెల్లారేసరికి ఎండ వచ్చింది. బులెటిన్‌లో స్థాయి మూడు. ఎల్లుండి క్లయింట్ విజిట్, లోయ అవతల రీడింగులు తీసుకోవాలి. జూనియర్లు సిద్ధంగా ఉన్నారు. నిజానికి పెద్ద మంచు పడ్డాక వచ్చే మొదటి ఎండ రోజే బాగా ప్రమాదకరం. కొత్త బరువు ఇంకా కుదురుకోదు, ఎండకు మంచు మెత్తబడుతుంది. ఆ రోజు ఆఫీసు లెక్కలు పూర్తి చేసుకుని, మర్నాడు పరిస్థితి మళ్లీ చూసుకోవడం సరైన పని. వెళ్లిన రోజున కూడా తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదరకముందే తిరిగి రండి. నిటారు వాలును, దాని కింది ప్రాంతాన్ని వీలైనంత వరకు తప్పించండి. దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు సురక్షితమైన చోటు నుంచి చూస్తుండాలి.

దారిలో వీటిలో ఏది కనిపించినా, వినిపించినా వెనక్కి తిరగండి: పక్క వాలు మీద కొత్తగా జారిన చరియ, కాలు పెట్టగానే ‘ధబ్’మని మంచు దిగిన శబ్దం, అడుగు దగ్గర మొదలై ముందుకు పాకే పగుళ్లు. అక్కడ చర్చ పెట్టొద్దు. ఇంత దూరం వచ్చాంగదా అనే మాట వస్తుంది కాబట్టే ఈ షరతులు ముందురోజు రాత్రే కాగితం మీద ఉండాలి. బృందంలో ఎవరు వద్దన్నా ఆగాలన్నది కూడా అందులో రాయండి.

ఎవరైనా కూరుకుపోతే మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ. అరగంట దాటితే చాలామందికి ఊపిరాడదు. హెలికాప్టర్ అంతలో రాదు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే. అందుకే సిగ్నల్ పంపే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార ఒక్కొక్కరి దగ్గరా ఉండాలి. ట్రాన్స్‌సీవర్ ఆన్‌లో పెట్టి ఒంటికే కట్టుకోవాలి. జీపులో ఒక సెట్ పెట్టుకుంటే ఆడిట్‌కు పనికొస్తుంది, మనిషికి పనికిరాదు. వాడటం సాధన చెయ్యనివాళ్ల చేతిలో కొత్త పరికరం కూడా దండగే.

మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ‘భయంగా ఉంది సార్’ అంటే నిలబడదు. బులెటిన్ స్థాయి, రాత్రి పడిన మంచు, వాలు డిగ్రీలు, పని పూర్తిచేసే ప్రత్యామ్నాయ తేదీ, ఈ నాలుగూ రాసి మెయిల్ పెట్టండి. అలా రాస్తే అది షెడ్యూల్ మార్పు అవుతుంది, మొండితనం అనిపించుకోదు. ‘అయినా వెళ్లండి’ అని రాతపూర్వకంగా చెప్పడానికి చాలామంది పైవాళ్లు జంకుతారు.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు హెచ్‌ఆర్‌ను అడగండి: క్యాంపు స్థలాన్ని మంచు నిపుణులు చూశారా, బులెటిన్ చదివే బాధ్యత ఎవరిది, పరికరాలు, శిక్షణ ఎవరి ఖర్చు? జవాబులు మెయిల్‌లో తీసుకోండి. అక్కడికి చేరాక అడిగితే, సీజన్ అయ్యాక చూద్దాం అంటారు.