ఒకే ఫలకం - అనేక వర్ణాలు

కుసుమంచి గణపేశ్వరాలయంలోని కాకతీయుల నాటి శిల్పాలను చూసేవారు శిల్పి మిగిల్చిన రూపాన్ని మెచ్చుకుంటారు. అతడు తొలిచివేసిన రాతిని తలచేవారు అరుదు. ముద్రణ చిత్రకళలో మాత్రం ఆ తొలిచిన పల్లానిదే ప్రాధాన్యం. లోహపు పలకను చెక్కి, గాట్లలో సిరా నింపి, తడి కాగితంపై ఒత్తితే చిత్రం వెలువడుతుంది.

ఈ కళలో ప్రపంచఖ్యాతి పొందిన తెలుగువారు కృష్ణారెడ్డి. ఆయన 1925లో చిత్తూరు సమీపంలోని నందనూరులో జన్మించారు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద, లండన్‌లో హెన్రీ మూర్ వద్ద విద్య నేర్చి పారిస్ చేరారు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపిన 'అటెలియే 17' ముద్రణశాల ఆయనకు కార్యక్షేత్రమైంది.

అప్పట్లో రంగుల ముద్రణకు ఒక్కొక్క వర్ణానికి ఒక్కొక్క పలకను సిద్ధం చేయడం పరిపాటి. కృష్ణారెడ్డి, ఆయన సహచరుడు కైకో మోతీ ఒకే పలకపై అన్ని వర్ణాలను నిలిపే పద్ధతిని రూపొందించారు. స్వతహాగా శిల్పి కావడంవల్ల కృష్ణారెడ్డి పలకను వేర్వేరు లోతులలో చెక్కేవారు. గట్టి రోలరు మిట్టలను మాత్రమే తాకుతుంది. మెత్తని రోలరు పల్లాలలోకీ దిగుతుంది. నూనె ఎక్కువగా కలిపిన పలుచని సిరా ఉన్నచోట చిక్కని సిరా అంటుకోదు. అందువల్ల రంగులు కలిసిపోక, ఒక్క ఒత్తుడుతోనే కాగితంపైకి వస్తాయి. వంటింట్లో నూనె, నీరు ఎరిగిన వారికి ఇది వింతగా తోచదు.

రేఖాగణిత రూపాలు మనకు కొత్తవి కావు. కనుమనాడు వాకిట వేసే రథం ముగ్గులో రథం కొన్ని గీతలే. చక్రబంధ, నాగబంధాలలో అక్షరాలను ఒదిగించిన కవులూ ఉన్నారు. అయితే, బంధకవిత్వంలో ఆకృతి చాలావరకు పాండిత్య ప్రదర్శనకే పరిమితమైందని నా అభిప్రాయం. కృష్ణారెడ్డికి ఆకృతి జీవితాన్ని చూసే మార్గం. 1963 నాటి 'సుడిగుండం'లో ఆయన నీటిని వర్ణించలేదు, నీటి గతిని పట్టుకున్నారు. 1968లో పారిస్ వీధులలో విద్యార్థులు తిరగబడినప్పుడు ఆయన 'ప్రదర్శకులు' చిత్రాన్ని రచించారు. అందులో మనుషులు నిలువు ఆకృతులుగా మారారు. వ్యక్తుల పోలికలు తొలగినకొద్దీ సమూహం బలం స్పష్టమైంది. అమూర్తకళ జీవితం నుండి పలాయనమనే విమర్శకు ఈ ఒక్క చిత్రం చాలు.

1972లో పద్మశ్రీ పొందిన కృష్ణారెడ్డి, అనంతరం న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ముద్రణకళను బోధించి, 2018లో ఆ నగరంలోనే మరణించారు. 1980ల దశకంలో ఆయన చెక్కిన 'మహా విదూషకుడు' సర్కస్ అనుభవం నుండి పుట్టింది. విదూషకుని చుట్టూ రేఖలు వలయాలై విస్తరిస్తాయి. ఆ ఒక్క పలక నుండే ఆయన వర్ణాలు మార్చి మార్చి ఎన్నో ముద్రలు తీశారు.