విప్పని పట్టుమూట

సమస్య



మాది భూదాన్ పోచంపల్లి చేరువలోని ఒక చిన్న పల్లె. నాకు 20 ఏండ్లు. తాతలనాటి నుండి మా ఇంట మగ్గము ఆడని దినము లేదని నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు ఐదు నెలలుగా ఆ చప్పుడు లేదు. మాఘమాసములో ఒకనాటి వేకువ, గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న మా నాయన, నాడె చేతనుండగానే రొమ్ము పట్టుకొని ఒరిగిపోయినాడు. ఆస్పత్రికి చేర్చకముందే ప్రాణము పోయినది. ఆయన వయస్సు 47. నేనప్పుడు హైదరాబాదులో వసతిగృహములో ఉండి డిగ్రీ పరీక్షకు చదువుకొంటున్నాను. మేనమామ ఫోను చేసి "బిడ్డా, వెంటనే రా" అన్నాడే గాని కారణము చెప్పలేదు. బస్సులో వచ్చునంతసేపును నాయనమ్మకే ఏదో అయినదనుకొన్నాను. పెద్ద వయస్సు గదా అని మనస్సుకు సమాధానము కూడ చెప్పుకొన్నాను. ఇంటి ముందు దిగి, అరుగు మీద కూర్చుని రొమ్ము బాదుకొంటున్న నాయనమ్మను చూచిన ఆ క్షణము నుండి నేటివరకు ఆమె కన్నులలోనికి చూడలేకున్నాను.

పోవుటకు నాలుగు దినముల ముందు నాయన ఫోను చేసి, "పడుగు మీద ఇంక రెండు చీరలున్నయి, చిటికి కట్టిన, రంగులద్దాలె, కొంగుకు ఏ రంగు పెడుదుమే బిడ్డా" అని అడిగినాడు. రంగుల ఎంపికను, పట్టునిచ్చి నేయించుకొను షావుకారు ఆయనకే విడిచేవాడు, ఆయన నన్ను అడిగేవాడు. చదువు తొందరలో "నీ ఇష్టం నాయనా" అని పెట్టేసినాను. ఆయన రంగులద్ది, ఆరవేసి, ఆ పట్టును పాత ధోవతిలో మూటగట్టి అటక మీద పెట్టినాడు. మూట ఇంకను అట్లే ఉన్నది. లోపల ఏ రంగున్నదో నాకు తెలియదు. అమ్మకు తెలిసియుండును. నేను అడుగలేదు.

నాకిప్పుడు ప్రతిదానికి భయమే. ఫోను మ్రోగితే చేతులు చల్లబడును. రాత్రివేళ లేచి అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూచుకొంటాను. తమ్మునికి 14 ఏండ్లు. వాడు బడినుండి కొంచెము ఆలస్యముగా వచ్చిన దినము వీధి చివరకు పోయి నిలుచుంటాను. వాడు నాయన రుమాలు తల క్రింద పెట్టుకొని పండుకొంటాడు, ఎవ్వరితోను మాట్లాడడు. అమ్మ ఇతరుల ఇండ్లకు కండెలు చుట్టి ఇల్లు గడుపుతున్నది. చిన్ననాటి నుండి ఆసు పోసి పోసి ఆమె కుడి భుజము ఎన్నడో చెడిపోయినది. నేను ఒకసారి వసతిగృహమునకు తిరిగి పోయినాను గాని మూడవనాడే వచ్చివేసినాను.

ఏడాదిలోపల కన్యాదానము చేసిన పుణ్యమనియు, తండ్రిలేని ఆడపిల్లకు ఇంక చదువేమిటనియు పెదనాయన అంటున్నాడు. చీరలైన ఇయ్యుడు, లేకున్న పడుగు కోసి తీసికొనిపోదునని షావుకారు రెండుసార్లు కబురు పంపినాడు. పోయినవాని పోగు ముట్టవద్దని నాయనమ్మ. చదువు మాని మగ్గము మీద కూర్చుండవలెనా? ఈ భయము రోగమా? నాయన పోయిన నాడే నీవు పెద్దదానివైతివని అందరు అంటున్నారు. నాకు మాత్రము చిన్నపిల్లనై ఏడువవలెనని ఉన్నది. ఈ ఐదు నెలలలో ఒక్కనాడును ఎవరి యెదుటను ఏడువలేదు.

— ఒక నేతకాని కూతురు

సలహా



అమ్మాయీ, నీ ఉత్తరమును నేను మూడు పర్యాయములు చదివితిని. మొదట నీ భయమే కన్నులకు కట్టినది, రెండవమారు నీ ఇంటి ఇబ్బందులు కనబడినవి, మూడవమారు చదువుచుండగా గోచరించినది వేరొకటి. మీ ఇంట నలుగురున్నారు, నలుగురిదియు ఒకే దుఃఖము, అయినను ఈ ఐదు మాసములలో ఏ యిద్దరును కలిసి దానిని అనుభవించినట్లు నీ ఉత్తరములో ఒక్క వాక్యమైనను లేదు. తల్లి బెంగపడునని నీవు, పిల్లలు బెదరుదురని నీ తల్లి, ఎవరిని కదిపిన ఏమగునో యని నీ తమ్ముడు, కొడుకును పోగొట్టుకొన్న తన నోటినుండి ఇంక ఏ అశుభము వచ్చునో యని ఆ వృద్ధురాలు, ఒకరి కొరకొకరు దాచుకొన్న ఆ శోకమే బయటికి పోవు త్రోవలేక రాత్రివేళల నీ చేతి వ్రేలై తల్లి ఊపిరిని వెదకుచున్నదని నేను నమ్ముచున్నాను.

ముందుగా ఆ బస్సు ప్రయాణపు మాట. ఆపద ఎవరికో తెలియని స్థితిలో, ఇంటిల్లిపాదిలో ఎవరిని పోగొట్టుకొన్నచో తాను బ్రతుకగలదో మనస్సు తనకు తెలియకయే లెక్క చూచుకొనును. అది ఆత్మరక్షణార్థము ప్రాణి చేయు చేష్టయే గాని నాయనమ్మ మరణమును నీవు కోరుట కాదు. ఆమెయు ఆనాటినుండి, ఆయువు తీరవలసిన తాను మిగిలి, నడివయస్సు కొడుకు పోయినాడే యని నీ ముఖము చూచుటకు సిగ్గుపడుచుండునని నాకు తోచుచున్నది. ముదుసలి తల్లుల దుఃఖమును దగ్గర కూర్చుండి చూచినవాడను గనుక ఈ మాట అనుచున్నాను. ఒక సాయంకాలము ఆమె ప్రక్కన కూర్చుండి తల దువ్వుము. సంజాయిషీ ఏదియు చెప్పనక్కరలేదు.

మీ కులవృద్ధులు మార్కండేయుని తమ మూలపురుషునిగాను, తామరతూళ్ళ నారతో వస్త్రము నేసిన భావనారుషిని ఆయన కుమారునిగాను చెప్పుకొందురు. పద్మశాలీలున్న ఊళ్ళలో మార్కండేయ మందిరములు కట్టించుకొనుట మీకు తెలిసినదే. మార్కండేయుని కథలో అందరు చెప్పుకొను ఘట్టము, బాలుడు శివలింగమును కౌగిలించుకొనుట, యముడు పాశము విసరుట. నా మనస్సు మాత్రము అంతకు ముందటి ఘట్టముననే నిలుచును. బాలుని ఆయువు తీరవలసిన పదునారవ యేడు సమీపించుచుండగా తల్లిదండ్రులైన మృకండుడును మరుద్వతియు కొడుకు కంటబడకుండ లోలోన కుములుచుండిరి. కారణమేమని బాలుడే అడిగెను. అడిగిన తరువాతనే తండ్రి నోరు విప్పి, "నీ ఆయువు ఇంతియే నాయనా" అని చెప్పెను. తనకు రానున్న ఆపద యేదో ఆ పిల్లవాడు వినియుండనిచో ఏ దేవుని ఆశ్రయించవలెనో, ఎందులకు ఆశ్రయించవలెనో వానికి తెలిసెడిదే కాదు. పదునారేండ్ల మౌనము చేయలేని పనిని ఒక్క పూట సంభాషణము చేసినది. మీవారి మందిరములోని దేవుని కథలోనే మీ ఇంటికి కావలసిన మొదటి మాట ఉన్నదని నీవు గుర్తింపవలెను.

ఇక ఆ మూట. ఇతర నేతలకును మీ నేతకును గల భేదము నీకు నేను చెప్పవలసినది కాదు గాని, చదువరులందరికిని తెలియదు గనుక చెప్పుచున్నాను. సాధారణముగా రంగు పూసిన నూలుతో మగ్గము మీద పూవు పుట్టును. చిటికిలో పూవు మగ్గమెక్కక మునుపే పుట్టును. ఆసు అను మేకుల చట్రము మీద పోసిన పేకను, అనగా అడ్డపోగును, లెక్కప్రకారము కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మరల కట్టి, ఇంకొక రంగులో ముంచినప్పుడు రాబోవు చీరయంతయు ఆ పోగులలోనే అణగియుండును. నేయువాడు ప్రతి పోగును దాని చోట దానిని కూర్చుచు, లోపలనున్న దానిని వెలికి తెచ్చును. కాబట్టి అటక మీదనున్నది ఉత్త పట్టుమూట కాదు, అమ్మాయీ. నీ నాయన చివరిసారి ఆలోచించిన ఆలోచన అందులో ఉన్నది. "నీ ఇష్టం నాయనా" అని నీవంటివి, ఆయన తన ఇష్టము చొప్పున రంగులద్దినాడు. ఇందులో ఆయనకు నొప్పి కలిగించినది ఏమున్నది? కూతురు తన చేతి నేర్పును నమ్మినదని సంతోషించియే ఉండును. తెగిపోయినదని నీవనుకొనుచున్న ఆ సంభాషణమునకు ఆయన ప్రత్యుత్తరము మూటలో భద్రముగా ఉన్నది, నీవు చదువలేదు, అంతియే.

దానిని నీవొక్కతెవే విప్పవద్దు. నాయనమ్మ ముట్టవద్దన్నది ఆజ్ఞ కాదు, భయము. ఆ మూట విప్పినచో కొడుకు నిజముగా పోయినట్లగునని ఆమె భయము. కావున ముందు ఆమెనే అడిగి, ఆమె చేతనే ముడి విప్పింపుము. తమ్ముని కూర్చుండబెట్టుకొనుము. "ఈ రంగు నాయన ఎందుకు పెట్టినాడమ్మా" అని నీ తల్లినడుగుము. నలుగురును ఆనాడు ఏడ్చినచో ఏడువుడు. దుఃఖమును పలువురు పంచుకొనుటకే మన పెద్దలు పదునొకండు దినముల కర్మకాండలు, మాసికములు ఏర్పరచినారు. వచ్చిపోవువారి సందడిలో ఆ పని మీ ఇంట జరుగలేదు. ఇప్పుడు జరుగనిండు.

పడుగును కోయనీయవద్దు. మేనమామను వెంటబెట్టుకొని షావుకారు వద్దకు పోయి, రెండు నెలల గడువడుగుడు. చీరలు చేతికి వచ్చుట పట్టు తిరిగివచ్చుటకన్న ఆయనకును లాభమే. చెడిన భుజముతో నీ తల్లి నేయజాలనిచో మీ బంధువులలో నేర్పరియైన ఒకరిని కూర్చుండబెట్టి, సెలవు దినములలో నీవు ప్రక్కనుండి పోగులు సర్దుము. కాని ఆ రెండు చీరలతో నీ ఋణము తీరినదని గ్రహింపుము. నాయన స్థానమును నీవు భర్తీ చేయవలెనని ఎవ్వరును నిర్బంధింపజాలరు. మగ్గము మీద ప్రేమచేత ఒకనాడు నీవే ఆ గుంటలోనికి దిగుదువేని అది గౌరవమైన జీవితము. వసతిగృహములో ఫోను మ్రోగునను భయముచేత దిగుదువేని, నీ నాయన నిన్ను పట్టణమునకు పంపిన కష్టమంతయు వృథా.

పెదనాయనగారి మాటలో దురుద్దేశమున్నదని నేననను. తమ్ముని బిడ్డ బాధ్యత తన మీద పడెనని ఆయన కంగారు. అయినను తండ్రి లేనంతనే చదువు ముగియునన్న మాట మాత్రము సరి కాదు. చిన్నతనముననే తండ్రిని కోల్పోయిన టంగుటూరి ప్రకాశమును ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి చదివించినది. మగపిల్లవాని విషయము గదా యందురేమో, ఆడపిల్లకు ఆ న్యాయము చెల్లదనుటకు నాకు ఏ కారణమును కనబడదు. పెండ్లి విషయమున "డిగ్రీ ముగిసిన తరువాత ఆలోచింతము పెదనాయనా" అని మర్యాదతోనే, అందరి యెదుటను, నీ తల్లి చేత చెప్పింపుము.

ఇంటి గడుబాటు కొరకు ఒక విషయము విచారింపవలెను. తెలంగాణములో 2022 ఆగస్టు 7వ తేదీన నేతన్న బీమా ప్రారంభమైనది. అందు నమోదైన నేతకారుడు మరణించినచో నామినీకి 5 లక్షల రూపాయలు అందవలెను. మీ నాయన పేరు అందున్నదో లేదో జిల్లా చేనేత జౌళి శాఖ కార్యాలయమున వెంటనే కనుగొనుడు. శోకములో మునిగిన ఇండ్లలో ఇట్టి కాగితములు పెట్టెలోనే ఉండిపోవుట నేనెరుగుదును.

భయము రోగమా యని అడిగితివి. ఇంతవరకు అది దుఃఖమే. కాని నిద్ర తప్పుట, చేతులు చల్లబడుట ఇంక కొన్ని వారములు తగ్గకున్నచో వైద్యుని చూచుటకు సంకోచింపవద్దు. 14416 సంఖ్యకు ఫోను చేసిన, ప్రభుత్వ మానసికారోగ్య సేవయైన టెలి మానస్ వారు తెలుగులోనే మాటలాడుదురు, రుసుము లేదు. జ్వరము వచ్చిన వైద్యుని వద్దకు పోవుదువు గదా, ఇదియు అట్టిదే.

నీ తల్లి భుజము గూర్చి వ్రాసిన వాక్యము నన్ను ఇంకను విడువలేదు. ఒక్క చీరకు సుమారు 9,000 మార్లు చేయి అటునుండి ఇటు ఆడించి ఆసు పోయుచుండిన తల్లి నొప్పిని చూచి సహింపలేక, ఆలేరు దగ్గరి శారాజీపేటలో, చిన్ననాటనే బడి మానవలసి వచ్చిన చింతకింది మల్లేశము 1992లో యంత్రము కొరకు ప్రయత్నము మొదలిడి, అప్పులును ఎగతాళియు సహించి, 1999లో దానిని సాధించి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టినాడు. 2017లో పద్మశ్రీ వచ్చినది. అతనికిని నీకువలెనే తల్లి యేమగునో యను భయముండియే యుండును. ఏడేండ్లు అతడు ఆ భయమునకు చేతినిండ పని కల్పించినాడు. నీవు యంత్రములు చేయవలెనని కాదు. రాత్రి ఊపిరి చూచుటకు లేచినప్పుడు ఆ వ్రేలిని ముక్కు దగ్గరనుండి తీసి, ఆమె భుజమున నూనె రాయుము. ఆమె మేలుకొనును. మేలుకొననిమ్ము. ఆ రాత్రియే మీరిద్దరు మాటలాడుకొందురు.

ఎనిమిది దినములలోపల ఆ మూట విప్పుడు. కొంగుకు మీ నాయన ఏ రంగు పెట్టినాడో నాకు ఒక కార్డు మీద వ్రాయుము. నేను ఎదురుచూచుచుందును.