దశాబ్దిలోని నీరు

తెలుగు సంఘాలకు పదేళ్ళు నిండినప్పుడు కట్టే తోరణాల మీద, ఆహ్వానపత్రాల మీద ‘దశాబ్ధి ఉత్సవాలు’ అని ఒత్తు ధకారంతో అచ్చయిన మాట తరచుగా కనిపిస్తుంది. ఆ ఒక్క ఒత్తుతో పది సంవత్సరాలు కాస్తా పది సముద్రాలవుతాయి!

సంస్కృతంలో ‘అప్’ అంటే నీరు, ‘ద’ అంటే ఇచ్చేది. రెండూ కలిసినప్పుడు పకారం బకారమై ‘అబ్దం’ ఏర్పడుతుంది. నీటిలో పుట్టిన పద్మం ‘అబ్జం’ కావడమూ ఈ సంధి వల్లనే. నీటినిచ్చేది కనుక అబ్దమంటే మేఘం. జలదం, నీరదం, అంబుదం ఇదే మూసలో పోసిన మాటలు. ఏడాదికొకసారి తిరిగి వచ్చే వానాకాలాన్ని బట్టి మేఘం పేరే సంవత్సరానికీ చెల్లింది. ‘వర్షం’ అన్న మాటకు కూడా సంస్కృతంలో వాన, సంవత్సరం అని రెండర్థాలున్నాయి. అటువంటి అబ్దాలు పది చేరితే దశాబ్దం, లేదా దశాబ్ది. ‘అబ్ధి’లోని ధాతువు వేరు. అది నీటిని ఇచ్చేది కాదు, నిలుపుకొనేది, అనగా సముద్రం.

మన పిల్లలు బడిలో నేర్చే ‘డెకేడ్’లో నీరూ లేదు, ఏడాదీ లేదు. గ్రీకులో ‘డెకా’ అంటే పది. డెకేడ్ అంటే పదింటి గుంపు మాత్రమే. రోము చరిత్రకారుడు లివీ గ్రంథాన్ని పదేసి సంపుటాలుగా విభజించి వాటినీ డెకేడ్‌లన్నారు. ఫ్రెంచి విప్లవ పంచాంగంలో అది పది రోజుల వారం. పది కర్బన పరమాణువులు వరుసగా గల హైడ్రోకార్బన్‌కు డెకేన్ అన్న పేరూ ఆ ‘డెకా’ నుండి వచ్చినదే. డెకా, దశ ఒకే మూలభాష సంతానం. మన ‘పది’ మాత్రం తమిళ ‘పత్తు’, కన్నడ ‘హత్తు’లకు తోబుట్టువు.

కాబట్టి డెకేడ్‌కు అసలైన సాటి మాట ‘దశకం’. శతకం నూరు పద్యాల గుంపు అయినట్లే, దశకం పదింటి గుంపు. 1990 నుండి 1999 వరకు గల కాలాన్ని తొంభైల దశకమనడం, ఎక్కడ మొదలైనా పదేళ్ళ వ్యవధిని దశాబ్దమనడం మేలని నా అభిప్రాయం. అమెరికాలో 1790 నుండి జనాభా లెక్కలు దశాబ్దానికొకసారి జరుగుతున్నాయి.

జాతకాలలోని ‘దశ’కు పదితో సంబంధం లేదు. సంస్కృతంలో అది దీర్ఘాంతమైన ‘దశా’. అవస్థ అని అర్థం. వింశోత్తరీ పద్ధతిలో శుక్రదశ 20 ఏళ్ళు, శనిదశ 19. సరిగ్గా పదేళ్ళుండేది చంద్రదశ ఒక్కటే, అదీ కాకతాళీయం.